సోమవారం నొప్పి, ఆదివారం నిద్ర

పోయిన వారం దీవెనను మనం చాలా ఇరుకైన చోట వదిలిపెట్టాం. మొయినాబాద్‌లోని 'ఆదరణ' కేంద్రం వాళ్లు క్యాన్సర్ రోగుల ఇళ్లకు వెళ్లి నొప్పి మందు ఇస్తారు. అక్కడ నర్సు దీవెన. చేవెళ్లలో ఆమె చూసే బీరయ్యకు నెల రోజులుగా నొప్పి అదుపులో లేదు. వారానికొకటి చొప్పున ఆయన నడుముకు కట్టే మందు డబ్బాలోంచి మార్ఫిన్ కొంచెం తీసి ల్యాబ్‌కు పంపితే, ఉండాల్సిన బలంలో సగమే ఉందని రిపోర్టు వచ్చింది. మిగతా సగం ఎవరు తీశారు? డబ్బా బిగించేది దీవెన ఒక్కతే. రాజీనామా మీద సంతకం పెడితే మాట బయటికి పోదు, పెట్టకపోతే సాయంత్రం నాలుగింటికి నర్సింగ్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పోతుంది అన్నారు డాక్టర్ విజయరాణి. ఫిర్యాదు పోయిందంటే దీవెన మళ్లీ ఏ దవాఖానలోనూ సూది పట్టలేదు. ఆమె అడిగింది ఒక్కటే. "సంతకం బీరయ్య తాత ముందల పెడత మేడం. ఆయన కూడ నన్ను దొంగ అంటే ఇగ నాకు మాట లేదు."

అందుకే సోమవారం పొద్దున పదకొండింటికి కేంద్రం కారు చేవెళ్లలో బీరయ్య ఇంటి ముందు ఆగింది. దీవెన దిగింది. వెనకే విజయరాణి, ఆమె వెనక ఫార్మసిస్టు కృపాకర్.

జనవరి ఎండ వరండాలో సగం దాకా వచ్చింది. ఆ ఎండలోకి మంచం లాక్కుని పడుకుని ఉన్నాడు బీరయ్య. అరవై ఎనిమిదేళ్లు. జబ్బు ఎముకల్లోకి దిగింది కానీ నాలుకను మాత్రం ముట్టుకోలేదు.

"డాక్టరమ్మనే వచ్చిందంటే నా కథ ఒడిసినట్టేనా?" అన్నాడు కళ్లు సగం మూసుకునే.

"నీ కథ ఒడువది గని, జర నోరు మూసుకో," అంది భార్య సరోజమ్మ. "కూసోన్రి మేడం. చాయ్ పెడ్త."

"చాయ్ వద్దమ్మా. చిన్న పని మీద వచ్చినం."

"చాయ్ తాగకుంట చేసే పని మా ఇంట్ల లేదు," అని ఆమె లోపలికి పోయింది.

కృపాకర్ రిపోర్టు తీసి స్టూలు మీద పెట్టాడు. నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, గట్టిగా మాట్లాడితే ఎదుటివాడికి దెబ్బ తగులుతుందేమో అన్నంత మెత్తటి గొంతు. కేంద్రంలో ప్రతి డబ్బాలోనూ మందు ఆయనే స్వయంగా కలిపి నింపుతాడు. సీలు వేసి సంతకం పెడతాడు.

"దీవెనా, నాకు నీ మీద కోపం లేదు," అన్నాడు. "కానీ ఈ మందు సంగతి నాకు తెలుసు. డబ్బాల పోసి నెల రోజులు ఉంచినా దీని బలం తగ్గదు. ఒంటి వేడికి కూడ తట్టుకుంటది. పెట్టి చూసినోళ్లు రాసింది అంతా చదివిన. పాలు విరిగినట్టు విరిగేది కాదు, పండు మురిగినట్టు మురిగేది కాదు. మరి సగం ఎట్ల పోయింది? మనిషి చెయ్యి పడితేనే పోతది."

ఆ మాటలో ఒక్క అబద్ధం లేదు. దీవెనకు వచ్చిన చిక్కల్లా అదే. ఎదుటివాడు అబద్ధాలకోరు అయితే పోట్లాట సులువు. కృపాకర్ చెప్పేవన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ వరుసగా వచ్చి తన ముందే ఆగుతున్నాయి.

"ఎవరు దొంగ?" బీరయ్య కళ్లు పూర్తిగా తెరిచాడు. "దీవెననా? ఓ సారూ, మా ముసల్ది చాయ్‌ల చక్కెర ఎయ్యుడు మరిచిపోతది. ఈ పిల్ల ఆ చాయ్ తాగి, మస్తుగున్నదవ్వా అంటది. అన్నప్పుడు మొఖం జూడాలె మీరు. అబద్ధమని వాడకట్టంతటికి తెలుస్తది. గీ పిల్ల దొంగతనం చేస్తదా?"

"నేనెప్పుడు మరిచిన చక్కెర?" లోపలి నుంచి సరోజమ్మ అరిచింది.

విజయరాణి నవ్వు ఆపుకున్నారు. కానీ చేతిలో రాజీనామా కాగితం మడత విప్పారు. "బీరయ్యా, మీ నమ్మకం వేరు. ల్యాబ్ రిపోర్టు వేరు. నేను రిపోర్టును పక్కన పెట్టలేను."

దీవెన కాగితం వైపు చూడలేదు. చాయ్ గ్లాసులతో బయటికి వస్తున్న సరోజమ్మ వైపు చూసింది.

"అవ్వా, ఒక్కటి అడుగుత. తాతకు నొప్పి ఏ రోజు ఎక్కువుంటున్నది? ఒక్కో రోజుది చెప్పు."

"నొప్పి చార్టు ఉన్నది కదా," అన్నాడు కృపాకర్.

"చార్టుల 'ఈ వారం నొప్పి ఎంత' అని ఒక్కటే గడి ఉన్నది సార్. వారానికి ఒక్క అంకె రాస్తున్న. ఇన్ని రోజులు నాక్కూడ తట్టలే."

సరోజమ్మ గ్లాసులు అందించి గడప మీద కూర్చుంది. ఆమెకు తేదీలు తెలియవు. వారాలు మాత్రం చర్చి గంట కొట్టినట్టు తెలుసు.

"సోమారం నువ్వు డబ్బా మార్చి పోతవా? గా సాయంత్రం సంది మొదలు. మంగళారం, బుధారం ఇగ చూడొద్దు. పండ్లు కొరుక్కుంట గోడ దిక్కు తిరిగి పండుకుంటడు. పిలిస్తె పలుకడు. బేస్తారం మా ఇంట్ల ప్రార్థన కూడిక ఉంటది. అప్పటికి లేసి కూసుంటడు, పాట కూడ అందుకుంటడు. ఇగ శనారం, ఆదారం అయితే ఉయ్యాల్ల పిల్లగాని లెక్క నిద్ర. నిన్న పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రభు సంస్కారం ఇచ్చిండు. ఈయన రొట్టె నోట్ల పెట్టుకొని గట్లనే గుర్రు పెట్టిండు."

"ప్రార్థన పొడుగున్నది," అన్నాడు బీరయ్య.

"పొడుగా? పాస్టరు గారు ఇంక 'పరలోకపు తండ్రీ' అని కూడ అనలే."

దీవెన చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ప్రతి వారం గింతేనా అవ్వా?"

"నెల సంది గింతే. అంతకుముందు అన్ని రోజులు ఒక్క తీరుగనే ఉండె."

దీవెన కృపాకర్ వైపు తిరిగింది.

"సార్, నేను దొంగనే అనుకుందాం. డబ్బాలకెల్లి మందు గుంజి నీళ్లు కలిపిన. అప్పుడు బలం వారమంతా తక్కువుండాలె. సోమారం ఎంతనో ఆదారం గంతే. కాదంటరా?"

"కాదనను."

"మరి మంగళారం ఎత్తుకపోయి ఆదారం తిరిగి తెచ్చి పెట్టే దొంగను మీరెక్కడన్న చూసిన్రా?"

కృపాకర్ రిపోర్టు చేతిలోకి తీసుకుని మళ్లీ చూశాడు.

"మీరు శాంపిల్ ఎప్పుడు తీసిన్రు సార్?"

"మంగళవారం."

"అదే ఆదారం తీసి ఉంటే?"

"ఎక్కువ వస్తదంటవా?" ఆయన గొంతులో మొదటిసారి అనుమానం వినిపించింది. అది దీవెన మీద కాదు. "డబ్బాల మందు దానంతటదే తగ్గదు. దానంతటదే పెరగదు కూడ."

"అదే నాక్కూడ సమజైతలేదు," అంది దీవెన నిజాయితీగా.

విజయరాణి వాచీ చూసుకున్నారు. చూసుకున్నందుకు ఆమెకే సిగ్గేసినట్టుంది, చెయ్యి చున్నీ కింద దాచుకున్నారు.

అప్పుడే బండి చప్పుడు. బీరయ్య కొడుకు నతానియేలు వచ్చాడు. ముప్పై ఏళ్లు, మొయినాబాద్ వైపు ఒక పూల తోటలో సూపర్‌వైజరు. బండి వెనక తెల్లటి థర్మోకోల్ పెట్టె, దాని మీద కాడలు వంగిన జర్బెరా పూలు ఒక కట్ట.

"మేడం వచ్చిన్రని అమ్మ ఫోన్ చేసింది. మార్కెటుకు పనికిరాని పువ్వులు గని, ఇంట్ల పెట్టుకోవచ్చు," అంటూ పూలు విజయరాణి ఒళ్లో పెట్టాడు. తర్వాత పెట్టె మూత తీసి, ఈ వారం బిగించాల్సిన కొత్త మందు డబ్బాను దీవెన చేతికి ఇచ్చాడు.

దీవెన దాన్ని కింద పడేసినంత పని చేసింది. మంచుగడ్డ పట్టుకున్నట్టుంది. ప్రతిసారీ తను వచ్చేసరికి డబ్బా పొద్దున్నే ఇంటికి చేరి, పై చల్లదనం తగ్గి ఉండేది.

"అన్నా, ఇది ఎక్కడున్నది ఇన్ని రోజులు?"

"మా కోల్డు రూముల." నతానియేలు ముఖం వెలిగింది. ఇంతకాలానికి ఎవరో అడిగారు. "రెండు వారాల డబ్బాలు సారు ఒక్కసారే ఇస్తడు గదా. నేను సెంటర్ నుంచి సీదా తోటకు తీసుకపోయి అండ్ల పెడ్త. నాలుగు డిగ్రీలుంటది. పొద్దుగాల కోసిన పువ్వు వారం దాక నవ్వుకుంటనే ఉంటది. ఇగ మందు ఉండదా? మొదటి సంది అండ్లనే పెడుతున్న. ఇంట్ల పెడితే కరెంటుకు భరోసా లేదు."

దీవెన డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది.

"నీడకు పెట్టుమని చెప్పిన గదన్నా."

"చెప్పినవ్. గని నీడ కన్న కోల్డు రూము మంచిది గదా సిస్టరమ్మా?"

"సార్, మొదటి సంది అండ్లనే పెడుతున్నడట. మొదటి రెండు నెలలు ఏం కాలే. నెల కింద మనం ఏం మార్చినం?" అడిగింది దీవెన.

కృపాకర్ లేచి నిలబడ్డాడు. "మోతాదు పెంచినం. డబ్బా సైజు మాత్రం అదే. అందుకని..." ఆగాడు. "అందుకని మందు చిక్కగ కలిపిన. ముందటి కన్న డబల్."

"సీలు మీద సంతకం ఎవరిది?"

"నాది."

"తెగిందా?"

ఆయన వేలితో తడిమి చూశాడు. "తెగలే."

"పై కవరు తీయున్రి. మీ చేత్తోనే తీయున్రి."

ఆ డబ్బా అరచేతిలో పట్టేంత ఉంటుంది. లోపల రబ్బరు సంచి. అది మెల్లగా ముడుచుకుంటూ మందును పై మూతిలోంచి సన్నటి గొట్టంలోకి నెడుతుంది. గొట్టం చివర చిన్న సూది, చర్మం కింద. వెలుతురు తగలకుండా డబ్బా చుట్టూ గోధుమరంగు కవరు ఉంటుంది. దాన్ని తీయొద్దని ఇంటింటికీ చెప్పేది దీవెనే. అందుకే ఏ ఇంట్లోనూ లోపల ఏముందో ఎవరూ చూడలేదు.

కృపాకర్ కవరు జార్చి డబ్బాను ఎండకు ఎత్తి పట్టుకున్నాడు.

అడుగున తెల్లగా ఏదో మెరిసింది. సూదుల్లా సన్నగా, గుత్తులు గుత్తులుగా. పైనంతా నీళ్లలా తేటగా ఉంది.

"చలికాలం కొబ్బరినూనె గడ్డకట్టదా, గట్లున్నది," అంది సరోజమ్మ, తొంగిచూసి.

"గట్లనే అమ్మా," అన్నాడు కృపాకర్. గొంతు ఇంకా మెత్తబడింది. "చిక్కటి మందు. చల్లబడితే అంత మందు నీళ్లల్ల నిలువదు. పేరుకుపోయి అడుగున కూసుంటది."

"వేడి నీళ్లున్నయా అవ్వా?" అడిగింది దీవెన.

బీరయ్య స్నానానికి కాచిన నీళ్లలోంచి ఒక గిన్నెడు తెచ్చింది సరోజమ్మ. డబ్బాను అందులో నిలబెట్టారు. అందరూ గిన్నె చుట్టూ కూర్చున్నారు. విజయరాణి ఒళ్లో పూలతో, నతానియేలు హెల్మెట్ ఇంకా తలమీదే పెట్టుకుని. బీరయ్య ఒక్కడే మంచం మీంచి, "నాక్కూడ జర జూపియ్యున్రి, మందు నాది!" అని గోల పెట్టాడు.

చాయ్ చివరి గుక్క తాగేసరికి సూదులు పలచబడ్డాయి. మరి కాసేపటికి అడుగు ఖాళీ. డబ్బా మొత్తం తేటగా, కల్తీ లేని నీళ్లలా ఉంది.

కృపాకర్ స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన వేళ్లు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు, తనకు తాను చెప్పుకున్నట్టు. "సోమవారం చల్లటి డబ్బా కడతం. గొట్టం పై మూతి నుంచి, గింజలు అడుగున. పై నుంచి పలచటి మందు పోతది. అందుకే నొప్పి. నడుము సంచిల, ఈ చలిల అందే కొంచెం ఒంటి వేడికి రోజురోజుకు గింజలు కరుగుతయి. వారం చివరికి మిగిలిన కొంచెం నీళ్లల్లనే ఆ మందంతా ఉంటది. అందుకే నిద్ర." తలెత్తి దీవెన వైపు చూశాడు. "మందు ఎక్కడికీ పోలే దీవెనా. ఎవరూ తీయలే. చెడిపోతదా అని చూసిన, పేరుకుంటదా అని చూడలే. పలచటి మందుకు ఈ తిప్పలు లేకుండె. చిక్కగ చేసిన రోజు లేబుల్ మీద ఫ్రిజ్‌ల పెట్టొద్దని ఒక్క ముక్క రాయాల్సింది నేను. రాయలే. రాయకుండా నిన్ను దొంగను చేసిన."

మూడు రోజులుగా దీవెన తయారు చేసి పెట్టుకున్న మాటలన్నీ కోపం మాటలు. వాటికి ఇప్పుడు పని లేదు.

"సారీ గిట్ల చెప్పేటిదుంటే ఇంకో చాయ్ తాగి చెప్పున్రి సార్," అంది. "ఈసారి అవ్వ చక్కెర ఏసింది."

నవ్వు ముందు విజయరాణికే వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ఒళ్లోని పూల కింద నలిగిన రాజీనామా కాగితం తీశారు. దాని మీద అడ్డంగా గీత గీసి 'రద్దు' అని రాసి సంతకం పెట్టారు. "సంతకం కావాలన్నం కదా. పెట్టాల్సింది నేనే. కౌన్సిల్‌కు ఏ ఉత్తరమూ పోదు. రేపటి నుంచి కాదు, ఈ గంట నుంచే నువ్వు డ్యూటీలో ఉన్నట్టు."

"అంటే," అన్నాడు బీరయ్య కొడుకు వైపు తిరిగి, "నెల సంది నన్ను సతాయించింది నువ్వేనన్నట్టు."

నతానియేలు తల వంచుకున్నాడు. "నీ మందు ఖరాబు కావొద్దనే పెట్టిన బాపు."

"గులాబీల పక్కన పెట్టినవ్ గావొచ్చు. గందుకే సోమారం రాంగనే ముండ్లు గుచ్చుకున్నయి." ఆయన చెయ్యి చాచి కొడుకు మోచేతిని పట్టుకున్నాడు. "పోనీ తియ్యిరా. హెల్మెట్ తీసి కూసో. అన్నం తిని పో."

వెచ్చబడిన డబ్బాను కృపాకర్ పక్కన పెట్టేశాడు. ఒకసారి పేరుకుని కరిగినదాన్ని మనిషికి పెట్టనన్నాడు. పొద్దునే కలిపిన డబ్బా ఒకటి కారులో ఉంది, చల్లదనం ఎరగనిది. దీవెన చేతులు కడుక్కుని, బీరయ్య ఛాతీ మీద కొత్త సూది పెట్టి, గొట్టం కలిపి, డబ్బాను నడుము సంచిలో సర్దింది. నెల రోజుల్లో మొదటిసారి ఆమెకు ఆ పని హాయిగా అనిపించింది. ఎవరో వెనక నిలబడి తన చేతుల్ని చూస్తున్నారన్న బెదురు లేదు.

"ఈ సోమారం నొప్పి రాదు తాతా."

"వస్తే?"

"వస్తే నాకు ఫోన్ చెయ్. నేనే వస్త."

లోపల సరోజమ్మ పళ్లేలు పెడుతోంది. వంకాయ కూర వాసన వస్తోంది. కృపాకర్ ఫోనులో ఏదో రాసుకుంటున్నాడు. "ఇవాళ్నే అందరి లేబుళ్లు మార్చాలె మేడం. ఫికర్ లేదు, చిక్కటి మందు మీద ఉన్నది ఇద్దరే. ఒకరు బీరయ్య. ఇంకొకరు కొండకల్ అనంతయ్య. వాళ్లకు కోల్డు రూము ఏడ ఉంటది, ఇంట్లనే పెట్టుకుంటరు."

నతానియేలు చేతిలో హెల్మెట్ ఆగిపోయింది.

"సారూ..." అన్నాడు. "ఆ నీలవేణి లేదా, అనంతయ్య బిడ్డ. పోయినసారి మీ సెంటర్ వరండాల డబ్బాల కోసం కూసున్నప్పుడు కలిసింది. మందు ఎట్ల దాస్తున్నవన్నా అని అడిగింది." హెల్మెట్ మంచం మీద పెట్టేశాడు. "నేనే చెప్పిన. ఫ్రిజ్‌ల పెట్టు, ఐసు పక్కకు పెట్టు, మస్తుంటదని."

"ఆయన డబ్బా ఎప్పుడు మార్చిన్రు?" విజయరాణి లేచారు.

"బుధారం," అంది దీవెన. ఈ సోమవారానికి ఆరో రోజు. పలచటి రోజులు దాటిపోయాయి. ఇప్పుడు నడుస్తున్నవి నిద్ర రోజులు; ఈ మందు మోతాదు మించితే ఊపిరే ఆగిపోతుంది. అనంతయ్యకు బీరయ్యలాంటి కండ లేదు, ముప్పై ఎనిమిది కిలోల మనిషి.

ఆమె అప్పటికే నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టింది.

"దీవెనక్కా!" నీలవేణి గొంతు ఉల్లాసంగా ఉంది. "నువ్వు ఇగ రావని చెప్పిన్రు సెంటరోళ్లు. మస్తు బాధైంది."

"బాపు ఎట్లున్నడు నీలవేణీ?"

"మంచిగున్నడక్కా. మొన్నటిదాక నొప్పికి ఒకటే ఒర్రుడు. నిన్నటి సంది చప్పుడు లేదు. హాయిగ పండుకున్నడు. పొద్దుగాల అంబలి తాగుమని లేపిన గని లేవలే. పోనీ, పండుకోనీ అని ఊకున్న."

"ఇప్పుడు లేపు. భుజం పట్టి ఊపు. గట్టిగ పిలువు."

ఫోన్ కింద పెట్టిన చప్పుడు. "బాపు! ఓ బాపు!" రెండుసార్లు. మూడోసారి గొంతు మారింది. "అక్కా, లేస్తలేడు."

"నీలవేణీ, నేను చెప్పేది విను. గొట్టం మీద తెల్ల క్లిప్పు ఉన్నది చూడు. దాన్ని నొక్కు, మందు ఆగుతది. టక్కుమని చప్పుడు రావాలె."

టక్. అందరికీ వినిపించింది.

విజయరాణి మరో ఫోనులో అంబులెన్సుకు చెబుతున్నారు. కృపాకర్ కారు వెనక డిక్కీలోంచి విరుగుడు ఇంజెక్షన్ల పెట్టె తీసి, దీవెన చేతికి ఇచ్చి డ్రైవరు సీట్లోకి దూకాడు. చేవెళ్ల నుంచి కొండకల్ ఎంత తొక్కినా నలభై నిమిషాలు.

"పళ్లేలు పెట్టిన బిడ్డా!" అంటూ సరోజమ్మ గడప దాకా వచ్చింది. కారు అప్పటికే మలుపు తిరిగింది.

"ఎవరొస్తున్నరక్కా?" ఫోనులో నీలవేణి ఏడుస్తోంది. "నువ్వు రావని చెప్పిన్రు గదా."

"నేనే వస్తున్న. ఏడువకు. బాపును పక్కకు తిప్పి పండుకోబెట్టు. ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టు. ఊపిరి తీసుకున్నప్పుడల్ల గట్టిగ లెక్కపెట్టు, నేను ఇక్కడ నిమిషం చూస్త. ఊ, మొదలుపెట్టు."

దీవెన వాచీ మీద కళ్లు పెట్టింది.

"ఒకటి," అంది నీలవేణి.

సెకన్ల ముల్లు పది దాటింది.

"రెండు."

ఇరవై ఐదు. కృపాకర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"మూడు."

నలభై. నలభై ఐదు. నలభై తొమ్మిది. కారులో ముగ్గురూ నాలుగో అంకె కోసం ఊపిరి బిగబట్టారు.

"అక్కా," అంది నీలవేణి, "నా చెయ్యి కింద ఏం కదులుతలేదు."